పటము వెనుక పగులు

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్య భాగము: లేవీయకాండము 14:33-53

బైబిలు దగ్గరనున్నవారు లేవీయకాండము పదునాలుగవ అధ్యాయము తెరవండి. ముప్పది మూడవ వచనము నుండి అధ్యాయము చివరకు రండి. వంటింటిలోనో కొట్టులోనో పని చేసికొనుచు వినుచున్నవారు శ్రద్ధగా వింటే చాలు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు అన్నారు. ఇల్లు కట్టినవాని కష్టము ఆ సామెతలో ఉన్నది. మరి ఎవరో కట్టిన ఇంటిని కొన్నవాని కష్టము? దానికి సామెత లేదు. కొన్నవాడు అదృష్టవంతుడు, ఇటుక మోయకుండా తాళంచెవి పుచ్చుకొన్నాడు అనుకొంటాము. నేనును అట్లే అనుకొన్నాను. ఈ దినమున మా సొంత ఇంటి సంగతి మీకు చెప్పవలెనని ఆశపడుచున్నాను. ఇది గొప్పగా చెప్పుకొనే సాక్ష్యము కాదు. అయినను మీలో ఎవరైనా మొదటి ఇల్లు కొనుటకు అడ్వాన్సు చేతపట్టుకొని ఉంటే, లేదా మీ జీవితములో ఒక పగులును ఎవరికీ కనబడకుండ కప్పుకొని ఉంటే, ఈ మాటలు మీ కొరకే.

మాది పల్నాటి ప్రాంతములో ఒక చిన్న పట్టణము. నేలంతా నల్లరేగడి. మా సంఘమునకు పార్సనేజి లేదు. పదకొండు సంవత్సరములు అద్దె ఇండ్లలో కాపురము చేశాము. పాస్టరుగారి కుటుంబము అనగానే, ప్రార్థనలని, పాటలని, వచ్చిపోయే జనము ఎక్కువని కొందరు ఇల్లు ఇచ్చేవారు కారు. ఇచ్చినవారు మూడేండ్లు తిరగకముందే ఖాళీ చేయమనేవారు. నా భార్య స్కూలు టీచరు. ఒక రాత్రి సామాను సర్దుతూ, "ఏమండీ, ఈ అట్టపెట్టెలు ఇంకొకసారి కట్టే ఓపిక నాకు లేదండీ" అన్నది. ఆ మాట నా మనస్సులో నాటుకొన్నది.

2016 ఫిబ్రవరిలో మూడు సెంట్ల స్థలములో ఉన్న ఒక పాత ఇంటిని కొన్నాము. కట్టి ఇరవై ఏండ్లు. కొత్తగా రంగు వేశారు. నా భార్య జీతము మీద బ్యాంకు లోను వచ్చింది. మిగిలినది ఆమె బంగారము, మా మామగారు ఇచ్చినది, నేను చిట్టి పాడినది. మేము ఏమేమి చూశామో చెప్పనివ్వండి. బోరులో నీళ్లు తియ్యగా ఉన్నాయా అని చూశాము. పిల్లల బడి ఎంత దూరమో చూశాము. ముందుగది కూడికలకు సరిపోతుందా అని చూశాము. బ్యాంకువారు పంపిన లాయరుగారు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూశారు. విలువ కట్టుటకు వచ్చినాయన టేపు పట్టి కొలిచి, నాలుగు ఫోటోలు తీసికొని పది నిమిషములలో వెళ్లిపోయారు. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. ప్రియులారా, ఈసీలో రిజిస్టరయిన తాకట్లు కనబడును, అమ్మకాలు కనబడును. గోడలోని పగులు ఈసీలో కనబడదు. పునాది ఎంత లోతున్నదని మాలో ఒక్కరమును అడగలేదు.

మార్చిలో గృహప్రతిష్ఠ కూడిక పెట్టుకొన్నాము. సంఘము వారు ప్రేమతో ఒక పెద్ద వాక్యపు పటము బహుమానముగా ఇచ్చారు. ముందుగదిలో ఎదురుగోడకు తగిలించాము. ఆ రాత్రి నా భార్య అట్టపెట్టెలన్నీ పెరటిలో వేసి కాల్చివేసింది.

మే నెల వచ్చింది. నైరుతి మూల గదిలో కిటికీ పై మూల నుండి వెంట్రుకవంటి గీత ఒకటి ఏటవాలుగా పైకి ప్రాకింది. సున్నము చీలిందిలే అనుకొన్నాము. జూన్ నాటికి దానిలో పోస్టుకార్డు దూరుచున్నది. ఆ గీతయే ముందుగదిలోనికి తిరిగింది. సెప్టెంబరు వర్షాలకు గీత కొంచెము మూసుకొన్నది గాని, వీధి తలుపు గుమ్మానికి పట్టుకొన్నది. భుజము పెట్టి నెట్టితే గాని తెరచుకొనేది కాదు. మరుసటి వేసవికి పగులు మరల తెరచుకొన్నది, ఈసారి ఇంకా వెడల్పుగా.

నేనేమి చేశానో తెలుసా? వాక్యపు పటమును ఎదురుగోడ మీద నుండి తీసి పగులు మీద తగిలించాను.

అవును ప్రియులారా. దేవుని మాట వ్రాసిన పటముతో గోడలోని బీటను కప్పాను. కూడికకు వచ్చినవారు ఆ పటమును చూచి, "అయ్యగారి ఇల్లు ఎంత ఆశీర్వాదముగా ఉన్నది!" అనేవారు. నేను చిరునవ్వు నవ్వేవాడను. మామగారు వచ్చినప్పుడు మూల గది తలుపు వేసి ఉంచేవాడను. రాత్రులు పడుకొని ఆ ఇంటిని అమ్మినాయనను తలచుకొని పండ్లు కొరికేవాడను. ఆయనకు తెలియకుండ ఉంటుందా? తెలిసే రంగు వేయించాడు, తెలిసే మా నెత్తిన పెట్టాడు అని కోపముతో ఉడికిపోయేవాడను. ఆదివారము క్షమాపణను గూర్చి ప్రసంగించి, ఇంటికి వచ్చి ఆ మనిషిని లోలోపల శపించేవాడను.

చట్టము ఏమి చెప్పుచున్నదో కూడ కనుక్కొన్నాను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము, 55వ సెక్షను ప్రకారము, అమ్మువానికి తెలిసియుండి, కొనువానికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూచినను బయటపడని ముఖ్యమైన లోపము ఉంటే, అమ్మువాడు దానిని చెప్పి తీరవలెను. కాని ఆయనకు తెలుసునని ఋజువు చేయుట ఎట్లు? 2016లో వచ్చిన రెరా చట్టము ప్రకారము, ఆ చట్టము క్రిందికి వచ్చు కొత్త కట్టడములో, ఇల్లు స్వాధీనము చేసిన అయిదు సంవత్సరములలోపల నిర్మాణ లోపము బయటపడి కొన్నవారు తెలియజేస్తే, ప్రమోటరు ముప్పది దినములలో తన ఖర్చుతో సరిచేయవలెను. మీలో కొత్త అపార్టుమెంటు కొన్నవారు ఈ మాట గుర్తుంచుకొనండి. మాది పాత ఇల్లు. అమ్మినాయన బిల్డరు కాడు. ఆ దారి మాకు లేదు.

అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. మనమును అమ్మివేద్దాము.

2018 జనవరిలో బయట మూలకు పుట్టీ పెట్టించి, రంగు వేయించాను. లోపల పటము ఉండనే ఉన్నది. ఇల్లు అమ్ముతామని ఒకరిద్దరితో చెప్పాను. వారము తిరగకుండ ప్రక్క ఊరి సంఘస్థులు, చిన్న వయస్సు దంపతులు, ఆటో కట్టించుకొని వచ్చారు. వారికిని అదే మొదటి ఇల్లు. ఆ అమ్మాయి నిండు నెలల మనిషి. ఇల్లంతా తిరిగి చూచి, ముందుగదిలో కుర్చీలో ఆయాసముతో కూర్చొని, "అయ్యగారూ, మీ ఇల్లు గనుక మేము ఇంకెవరినీ అడగడం లేదండీ. గోడలు గట్టివేనా అండీ?" అన్నది.

నేను, "ఇరవై రెండేండ్లుగా నిలిచిన ఇల్లమ్మా" అన్నాను.

ఆ మాటలో లెక్క తప్పు లేదు. ఇల్లు నిజముగా ఇరవై రెండేండ్లుగా నిలిచియున్నది. అయినను అది అబద్ధమేనని నాకు తెలుసు. సెమినరీలో చదువుకొన్నాను, బలిపీఠము ఎదుట అభిషేకము పొందాను, నా నాలుక మాత్రము అంత సుళువుగా తిరిగింది.

నా భార్య మంచినీళ్లు తెచ్చి ఆ అమ్మాయికి ఇచ్చింది. పళ్లెము క్రింద పెట్టింది. నా ముఖము చూడకుండ, "అమ్మా, నువ్వు లేచి ఆ పటం తీసి చూడమ్మా" అన్నది.

ఆ అబ్బాయి లేచి పటము తీశాడు. ఎవరమును మాట్లాడలేదు. కొంచెము సేపటికి ఆ అబ్బాయి పటమును నేలమీద జాగ్రత్తగా గోడకు ఆనించి, "అయ్యగారూ, ముందే చెప్పి ఉంటే మాకు ఆటో కిరాయి మిగిలేదండీ" అన్నాడు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు. తిట్టియుంటే నాకు తేలికగా ఉండేది.

వారు వెళ్లిన తరువాత నేను పటము లేని ఆ గోడ ఎదుట కూర్చొన్నాను. అప్పుడు ఆత్మ నాకు జ్ఞాపకము చేసిన భాగమే ఈ లేవీయకాండము పదునాలుగవ అధ్యాయము. సెమినరీలో పరీక్ష కొరకు చదివి, ఆ తరువాత ఎన్నడును ప్రసంగించని భాగము. మనుష్యుని చర్మము మీది పొడను గూర్చి చెప్పిన తరువాత, ఇంటి గోడలోని పొడను గూర్చి దేవుడు చెప్పుచున్నాడు. హెబ్రీ భాషలో రెండింటికిని ఒకే మాట వాడబడినది. ఇందులో మూడు సంగతులను మీరు గమనించవలెను. వచనములను నా మాటలలో చెప్పుచున్నాను, మీరు ఇంటిలో తెరచి చదువుకొనండి.

మొదటిది, ఈ ఆజ్ఞ ఎవరికి ఇవ్వబడినది? కనాను దేశమునకు వచ్చిన తరువాత అని ముప్పది నాలుగవ వచనములో ఉన్నది. వినుచున్నవారు ఆ దినమున అరణ్యములో డేరాలలో ఉన్నారు. వారిలో ఎవరికిని ఆ దేశములో గోడలున్న ఇల్లు లేదు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము చూస్తే, వారు నివసింపబోవునవి తాము నింపని ఇండ్లు, తాము త్రవ్వని బావులు. అనగా వేరొకరు కట్టిన పాత ఇండ్లు. మొదటిసారి ఇంటిలో అడుగుపెట్టబోవు జనమునకు, తాళంచెవులు చేతికి రాకముందే, గోడలో పొడ కనబడవచ్చునని తండ్రి ముందుగానే చెప్పుచున్నాడు. ఆ పొడ సైతము తన చేతికి వెలుపల లేదని అదే వచనములో చెప్పుచున్నాడు. కాబట్టి మీరు ప్రార్థన చేసి కొన్న ఇంటిలో పగులు కనబడితే, దేవుడు నన్ను విడిచిపెట్టాడు అని తొందరపడి అనుకొనవద్దు. నేను ఆ సిగ్గుతోనే రెండేండ్లు పోగొట్టుకొన్నాను. పాస్టరు ఇంటికి పగులేమిటి అని జనము అంటారని భయపడ్డాను. దేవుడు ఇచ్చిన స్వాస్థ్యములోనే పొడ కనబడవచ్చునని మోషే ధర్మశాస్త్రములోనే ఉన్నది.

రెండవది, ముప్పది అయిదవ వచనము. ఎవరు వచ్చి చెప్పవలెను? ఇంటి యజమానుడే. యాజకుడు వీధి వీధి తిరిగి గోడలు తట్టడు. పొరుగువాడు ఫిర్యాదు చేయవలెనని లేదు. ఆ ఇల్లు ఎవనిదో వాడే తన కాళ్లతో నడచి వెళ్లి, నా ఇంటిలో పొడవంటిది కనబడినదని తన నోటితో చెప్పవలెను. 'వంటిది' అన్న మాట గమనించండి. అది ఏ రోగమో యజమానుడు తేల్చనక్కరలేదు. కనబడినదానిని కనబడినట్లు చెప్పితే చాలు. తేల్చువాడు యాజకుడు. మనకు ఆ ఒక్క మాట నోట రాక ఎన్ని పటములు తగిలించుదుము! త్రాగుడు, అప్పు, భార్యాభర్తల మధ్య పెరిగిన మౌనము, ఫోనులో రహస్యముగా చూచునవి, సంఘపు డబ్బు లెక్కలో చిన్న తేడా. వీటిమీద మనము తగిలించు పటములు చాలా అందమైనవి: పెద్ద స్వరముతో ప్రార్థన, ముందు వరుసలో కుర్చీ, దశమభాగము కవరు.

యెహెజ్కేలు పదమూడవ అధ్యాయములో ప్రభువు అబద్ధ ప్రవక్తలను ఎట్టివారితో పోల్చాడు? నిలువజాలని గోడ మీద పూత పూయువారితో పోల్చాడు. వాన వచ్చును, వడగండ్లు వచ్చును, పూత రాలును, పునాది బయటపడును అని చెప్పాడు. ఆ మాట నాకు కత్తివలె తగిలింది. నాకు ఇల్లు అమ్మిన మనిషిని రెండేండ్లు శపించాను గదా, ఆయన పెట్టించిన పుట్టీ మీదనే నేను ఇంకొక పూత వేయించాను. ఆయన చేసినదేదో నేను అదే చేశాను. నేనైతే పటము కూడ తగిలించాను.

ద్వితీయోపదేశకాండము ఇరువది రెండు, ఎనిమిదవ వచనములో కొత్త ఇంటి మీద పిట్టగోడ కట్టవలెనని ఉన్నది. పైనుండి ఒకడు పడితే ఆ రక్తాపరాధము ఇంటివాని మీదికి వచ్చును. చూడండి, నా ఇంటి లోపము నా సొంత విషయము కాదు. దానిలో అడుగుపెట్టువాని ప్రాణము నా చేతిలో ఉన్నది. నిండు నెలల ఆ తల్లిని నేను ఏ మూల గదిలో పడుకోబెట్టబోయానో ఆ రాత్రి తలచుకొని వణికిపోయాను. మోకాళ్లూని నా భార్య ఎదుట ఒప్పుకొన్నాను, దేవుని ఎదుట ఒప్పుకొన్నాను. ఆ ఆదివారము సంఘము ఎదుట కూడ చెప్పాను.

మూడవది, యాజకుడు వచ్చి ఏమి చేయును? గోడను చూచిన వెంటనే ఇల్లు పడగొట్టడు. మొదట ఇల్లు ఖాళీ చేయించును, ఎందుకనగా తాను లోపలికి వచ్చి తీర్పు చెప్పితే లోపలి సామాను కూడ అపవిత్రమగును. ఆ పేదవాని కుండలు, చాపలు కాపాడబడవలెనని దేవుని జాలి. తరువాత పొడ గోడ పైపైన ఉన్నదా, గోడ కంటె పల్లముగా లోనికి దిగినదా చూచును. ఏడు దినములు ఇల్లు మూసి ఉంచి మరల వచ్చి చూచును. వ్యాపించియుంటే ఆ రాళ్లు మాత్రము ఊడదీయించి, పాత పూత గీయించి ఊరి వెలుపల పారబోయించి, వేరే రాళ్లు చేర్పించి, కొత్త పూత పూయించును. అంతయు చేసిన తరువాత మరల పొడ పుట్టితే అప్పుడు మాత్రమే పడగొట్టుట. పుట్టకపోతే ఇల్లు పవిత్రమని చెప్పి, దానికొరకు ప్రాయశ్చిత్తము చేయును.

మా ఇంటికి ఒక రిటైరైన ఇంజనీరుగారు వచ్చారు. ఆయన చేసినది ఇంచుమించు ఇదే. పగులుకు అడ్డముగా సన్నని గాజు ముక్కలు అతికించి, తేదీ వ్రాసి, "కొన్ని నెలలు చూద్దామండీ. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు" అన్నారు. మేలో రెండు గాజులు పగిలాయి. అప్పుడు మూల దగ్గర త్రవ్వి చూచారు. పునాది రెండున్నర అడుగులే. ప్రక్కనే సెప్టిక్ ట్యాంకు నీరు ఊరుచున్నది. "అయ్యగారూ, జబ్బు గోడకు లేదండీ, నేలకుంది" అన్నారు.

నల్లరేగడి సంగతి మన రైతులకు తెలుసు. వాన నీరు త్రాగి ఉబ్బును. ఎండకు ముడుచుకొని, చేయి దూరునంత నెర్రెలు విచ్చును. తక్కువ లోతు పునాది ఉన్న ఇంటిని ఆ నేల ఏటేట ఎత్తి దించుచుండును. ఇంటి నడుమ మన్ను ఎండదు, అంచున మన్ను ఎండును. ఒక మూల దిగును, ఇంకొక మూల నిలుచును, నడుమ గోడ చీలును. అందుకే ఇట్టి నేలలో కొత్తగా కట్టువారికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు ఒక పద్ధతి రూపొందించారు. ఎండకును వానకును మారని లోతువరకు, సాధారణముగా పదకొండు పన్నెండు అడుగులు, గుంత దించి, అడుగున గడ్డవలె వెడల్పు చేసి కాంక్రీటు పోయుదురు. పైనున్న మన్ను ఉబ్బినను తగ్గినను ఇల్లు ఆ లోతును పట్టుకొని నిలుచును.

లూకా ఆరవ అధ్యాయము నలువది ఎనిమిదవ వచనములో ప్రభువు చెప్పిన మాట నాకు అప్పుడు తెలిసింది. ఇల్లు కట్టినవాడు లోతుగా త్రవ్వి, బండమీద పునాది వేసెను. బండ పైన కనబడదు. త్రవ్వినవానికే దొరకును. ఇద్దరి ఇండ్లకును ఒకే రంగు, ఒకే గుమ్మము ఉండవచ్చును. తేడా ఎవరూ చూడని చోట, నేల క్రింద, చెమటలో ఉన్నది. ఆయన మాట విని చేయుటయే ఆ త్రవ్వుట. విని పటము కట్టించుకొనుట త్రవ్వుట కాదు.

మా ఇంటి పని రెండున్నర సంవత్సరములు పట్టింది. ముందు సెప్టిక్ ట్యాంకును దూరమునకు మార్చాము. డాబా మీది వాన నీటిని పైపులతో వీధి కాలువకు పంపాము. ఇంటి చుట్టు వెలుపలికి వాలుగా గచ్చు చేయించాము. మూల పునాదిని ఒకేసారి త్రవ్వక, నాలుగేసి అడుగుల ముక్కలుగా, ఒకటి పూర్తయి గట్టిపడిన తరువాతనే ఇంకొకటి, క్రిందికి లోతు చేసి కాంక్రీటు పోశారు. చివరకు పగులులో ఇనుప ఊచలు కుట్టి సిమెంటు పాలు పట్టించారు. నా భార్య చేతి గాజులు ఆ పునాదిలోనికి వెళ్లాయి. ఇప్పుడు ఇల్లు నిలిచియున్నది. అయినను ప్రతి మే నెలలో కిటికీ మూలన వెంట్రుకవాసి గీత ఒకటి కనబడును, వర్షాలకు పోవును. దానిమీద ఏమియు తగిలించలేదు. పటము మొదట ఉన్న ఎదురుగోడకే వెళ్లిపోయింది.

ప్రియులారా, ఇప్పుడు సువార్త వినండి. మేము ఆ ఇంటిని తెలియక కొన్నాము. తెలిసియుంటే కొనేవారము కాము. ఆ దంపతులు తెలిసికొన్నారు, వెళ్లిపోయారు. వారు చేసినది న్యాయమే. కాని మొదటి కొరింథీ పత్రిక ఆరవ అధ్యాయము చివర, మీరు విలువ పెట్టి కొనబడినవారు అని పౌలు చెప్పిన సత్యమును ఆలోచించండి. మనలను కొన్న ప్రభువు కొత్త రంగు చూచి మోసపోయి కొన్నాడా? మన పునాది ఎంత లోతో, ఏ మూల ఎంత దిగినదో, ఏ పటము వెనుక ఏమున్నదో అంతయు చూచియే ఆయన కొన్నాడు. బయానా ఇచ్చి వెనుకకు తీసికొనలేదు. సిలువమీద తన రక్తమంతటిని విలువగా పోశాడు. పడగొట్టదగిన ఇంటిని కొని, దానిని పరిశుద్ధాత్మకు ఆలయముగా చేసికొన్నాడు. కొన్న తరువాత మనలోని పగులు చూచి ఆశ్చర్యపడువాడు కాడు ఆయన. మరి ఆయన ఎదుట ఎందుకు దాచుదుము?

యౌవనస్థులారా, మొదటి ఇల్లు కొనబోవు దంపతులారా, మీకు ఒక మాట. ప్రార్థన చేయండి, దానితోపాటు చూడండి. చూచుట అవిశ్వాసము కాదు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని లూకా పదునాలుగులో ప్రభువే చెప్పాడు. ఇంటిని ఒకసారి ఎండలో, ఒకసారి వాన వెలిసిన తరువాత చూడండి. పటములు, బీరువాలు ప్రక్కకు జరిపించి చూడండి. ఒక గోడకే కొత్త రంగు ఉంటే ఎందుకని అడగండి. పూత మీద సాలెగూడువంటి సన్నని గీతలు సాధారణముగా చర్మపు రోగమే. తలుపు కిటికీ మూలల నుండి ఏటవాలుగా పోవునది, ఒక కొన వెడల్పు ఒక కొన సన్నము ఉన్నది, మెట్లు మెట్లుగా ఇటుకల వెంబడి దిగునది, గోడకు రెండు ప్రక్కల కనబడునది, ఇవి ఎముకకు పట్టిన రోగము కావచ్చును. ప్రతి తలుపు వేసి తీయండి. నేలమీద గోళీ పెట్టి చూడండి, ఎటు దొర్లుచున్నదో. స్లాబు అడుగున తుప్పు మరకలు, పెచ్చులు ఉన్నాయేమో, తట్టితే డొల్ల శబ్దము వచ్చునేమో చూడండి. లోపల ఇనుము తుప్పు పట్టితే ఉబ్బి కాంక్రీటును చీల్చును. వాన నీరు ఎటు పోవునో, గోడ ప్రక్క పెద్ద చెట్లు ఉన్నాయేమో చూడండి. ఇరుగుపొరుగువారిని అడగండి. అడ్వాన్సు ఇవ్వకముందే ఒక ఇంజనీరుకు ఫీజు ఇచ్చి చూపించండి. ఇరవై ఏండ్ల ఈఎంఐ ఎదుట ఆ ఫీజు ఏపాటిది?

ఇల్లు అమ్మబోవు విశ్వాసులారా, మీకును ఒక మాట. అడుగకముందే చెప్పండి. ధర తగ్గితే తగ్గనివ్వండి. తగ్గిన ఆ డబ్బుకంటె, రాత్రి పట్టు నిద్ర విలువ ఎక్కువ.

ఒక సంగతి చెప్పి ముగించుచున్నాను. ఆ దంపతులకు కొడుకు పుట్టాడు. ఏడాది తరువాత ఆ అబ్బాయి ఫోను చేసి, "అయ్యగారూ, ఇంకొక ఇల్లు చూశామండీ. బయానా ఇవ్వకముందు మీరొకసారి వచ్చి చూస్తారా?" అన్నాడు. నేను కొంతసేపు జవాబు చెప్పలేకపోయాను. మా ఇంటి పగులు చూచినవాడే తన ఇంటికి నన్ను పిలుచుచున్నాడు. నేను, ఇంజనీరుగారు కలిసి వెళ్లాము. నా చొక్కా జేబులో గోళీ ఒకటి ఉన్నది.

ప్రార్థన చేసికొందము.

పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును పూర్తిగా ఎరిగియుండియు విలువ పెట్టి కొన్న దేవా, నీకు స్తోత్రము. మేము కప్పుకొన్న పగుళ్లను నీ ఎదుట ఇప్పుడు తెరచుచున్నాము. ఊడదీయవలసిన రాళ్లను నీవే ఊడదీయుము. మా ఇండ్లలో నివసించువారిని, మా తరువాత రాబోవువారిని కాపాడుము. ఇల్లు లేక అద్దె ఇండ్లలో తిరుగుచున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. మోసపోయి కన్నీరు విడుచుచున్నవారికి క్షమించు హృదయమును, సరిచేసికొను శక్తిని, సహాయము చేయు మనుష్యులను దయచేయుము. లోతుగా త్రవ్వుటకు మాకు ఓపిక నిమ్ము. మా బండయైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.